ఒక చెవికి ఎన్ని పెడల్స్

నేను మొదటి పెడల్ కొన్నది ఒకే ఒక్క పాట కోసం. ఆ పాటలో రెండో చరణానికి ముందు ఒక గిటార్ బిట్ వస్తుంది. అది గరుకుగా, కాలుతున్నట్టు వినిపించాలి. మామూలు గిటార్ మీద ఎంత బలంగా మీటినా ఆ మంట వచ్చేది కాదు. మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు కీబోర్డు వెనక నుంచి తల అడ్డంగా ఊపారు.

"స్వరాలు కరెక్టేనయ్యా. కానీ జనం గుర్తుపట్టరు. దానికేదో డబ్బా ఉంటుందంట, తెచ్చుకో."

విజయవాడ వెళ్ళి తెచ్చుకున్నాను. తెలియనివారికి చెప్పాలంటే పెడల్ అనేది అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బా. గిటార్ నుంచి స్పీకరుకు వెళ్ళే వైరు మధ్యలో దాన్ని కలుపుతారు. కాలితో నొక్కితే గిటార్ గొంతు మారుతుంది, మళ్ళీ నొక్కితే మామూలుదవుతుంది. ఆ వారం నరసరావుపేటలో ఒక రిసెప్షన్‌లో ఆ పాట వచ్చింది. నేను డబ్బా నొక్కి బిట్ ఎత్తుకోగానే భోజనాల దగ్గరున్న కుర్రాళ్ళు విస్తళ్ళు వదిలేసి స్టేజి ముందుకు వచ్చేశారు. అంతకు ముందు నెలలో అవే స్వరాలు అదే చేత్తో వాయిస్తే ఒక్కడూ తలెత్తలేదు. ఆ రోజు నాకు పట్టుకున్న జబ్బు చాలా ఏళ్ళు వదల్లేదు.

పగలు నాది గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉద్యోగం. మిర్చి సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుకొచ్చిన లారీలు బారులు తీరి నిలబడతాయి. ఆ ఘాటుకు కొత్తవాళ్ళు తుమ్ముతూనే ఉంటారు, మాకు అలవాటు. సాయంత్రాలు, సెలవు రోజులు ఆర్కెస్ట్రావి. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, శివరాత్రికి ఊరేగించే ఎత్తైన ప్రభల ముందు వేసే స్టేజీలు, వినాయక చవితి పందిళ్ళు. మేం వాయించేవి సినిమా పాటలే. సినిమా పాటలో గిటార్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక పాటలో నీళ్ళ మీద తేలినట్టుంటుంది, ఇంకో దాంట్లో లోయలో అరిచినట్టు మారుమోగుతుంది, మరో దాంట్లో పసిపిల్ల ఏడుపులా వావా అంటుంది. ఒక్కో పాటకు ఒక్కో డబ్బా చేరుతూ పోయింది. చివరికి ఒక వడ్రంగి చేత పొడవాటి చెక్క చేయించి వాటన్నిటినీ వరుసగా బిగించాను. ఆ చెక్కను గిటార్‌తో పాటు ఆటోలో ఎక్కించడమే ఒక పని.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఒకసారి ఆ చెక్కను అమ్మకు చూపించాను. దగ్గర్లో ప్రోగ్రాం ఉంటే సామానుతో నేరుగా కల్లం దగ్గరికే వెళ్ళాను. అమ్మ ఎండబోసిన మిరపకాయల పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"ఏంట్రా ఇయ్యన్నీ?"

"కాలితో తొక్కేవమ్మా. సౌండ్ మారుద్ది."

"అన్నీ నువ్వే తొక్కుతావా?"

"ఒకదాని తర్వాత ఒకటి."

"మరి వాయించేదెప్పుడురా?"

పక్కన కూలికి వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట తర్వాత మాస్టారుకు చెబితే ఆయన రిహార్సల్లో అందరికీ చెప్పి మళ్ళీ నవ్వించారు.

కుడి చెవి పోయిన రోజు ఏ సూచనా లేకుండా మొదలైంది. పొద్దున్నే లేచాను, కాఫీ తాగాను, ఫోన్ మోగితే కుడి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. కట్ చేస్తే మళ్ళీ మోగింది. మళ్ళీ నిశ్శబ్దమే. ఫోన్ పాడైందనుకుని స్పీకర్ నొక్కితే ఆఫీసు మేనేజరు గొంతు గదంతా నిండింది. ఫోన్‌ను ఎడమ చెవికి మార్చాను, వినిపించింది. కుడి చెవికి మార్చాను, ఏమీ లేదు. కాదు, ఒకటి ఉంది. దూరంగా మోటారు తిరుగుతున్నట్టు హోరు. అది ఫోన్లోది కాదు.

నా భార్య పెదకాకాని వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరు. అప్పటికే బస్సుకు బయల్దేరుతోంది. నా మొహం చూసి చేతిసంచి కింద పెట్టింది.

"ఏమైందండీ?"

"కుడి చెవి వినపడట్లేదు."

"నీళ్ళు పోయి ఉంటాయి."

ఆమె నా కుడి పక్కకు వచ్చి వేళ్ళతో చిటికెలు వేసింది. వేళ్ళు కదలడం కనిపించింది, చప్పుడు ఎడమ చెవికే అందింది. ఆమె ఇక స్కూలుకు వెళ్ళలేదు.

కొత్తపేటలోని చెవి డాక్టరుగారు పెద్దావిడ. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించి, కాగితం మీద గీతలు చూపించారు. ఎడమ చెవి గీత పైన నడుస్తోంది. కుడి చెవి గీత కొంతదూరం వచ్చి బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఇలా ఉన్నట్టుండి పోవడం కొందరికి జరుగుతుందండి. చాలాసార్లు కారణం దొరకదు. వెంటనే వచ్చారు, అది మంచిదైంది. మందు మొదలుపెడదాం. కొంత రావచ్చు, అంతా రావచ్చు, ఏమీ రాకపోవచ్చు."

"నేను గిటార్ వాయిస్తానండి."

ఆవిడ పెన్ను ఆపి నావైపు చూశారు. "అయితే ఇంకా త్వరగా మొదలుపెడదాం," అన్నారు.

మందులు వాడాను. కొంత వచ్చింది. లారీ ఇంజను, తలుపు చప్పుడు, మగవాళ్ళ మాటలు, ఇలాంటి బరువైన శబ్దాలు మసకగా తిరిగొచ్చాయి. సన్నని శబ్దాలు రాలేదు. దాంతో పాటు నేను ఊహించనిది ఇంకొకటి వచ్చింది. గిటార్ తీసుకుని పై తీగ మీటితే ఒకే స్వరం రెండుగా వినిపించింది. ఎడమ చెవిలో ఒక శ్రుతి, కుడి చెవిలో దానికి కాస్త కిందగా ఇంకో శ్రుతి. తీగ వదులైందేమోనని బిగించాను. రెండూ కలిసి పైకి జరిగాయి తప్ప ఒకటి కాలేదు. నా శ్రుతి మీద నాకు ఎప్పుడూ ధీమా ఉండేది. స్టేజి మీద తీగ సడలితే పాట ఆగకుండానే చెవితో సరిచేసుకునేవాణ్ణి. శ్రుతి చూపించే ట్యూనర్ పెడల్ చెక్క మీద ఒకటున్నా అది అలంకారానికే. ఆ సాయంత్రం దాని పచ్చ దీపం వైపు చూస్తూ ఒక్కొక్క తీగా సరిచేశాను. దీపం బాగుందంటోంది, నా తల బాగాలేదంటోంది. గిటార్ పక్కన పెట్టేశాను.

మాస్టారుకు విషయం చెప్పాను. ఆయన, "నీకు ఎటు వైపు వినపడుద్దో చెప్పు, స్టేజి అటు తిప్పుదాం," అన్నారు. అప్పటిదాకా నేను స్టేజికి ఒక కొసన, అందరూ నా కుడి పక్కన ఉండేలా నిలబడేవాణ్ణి. నన్ను ఆ కొస నుంచి ఈ కొసకు మార్చారు. ఇప్పుడు అందరూ నాకు ఎడమ పక్కన ఉన్నారు.

అది సరిపోతుందనుకున్నాం. సరిపోదని మొదటి రిహార్సల్లోనే తేలిపోయింది. డిలే అని ఒక పెడల్ ఉంది. మీటిన ప్రతి స్వరాన్నీ కాసేపటికి మళ్ళీ పలికిస్తుంది, లోయలో ప్రతిధ్వనిలా. ఇదివరకు నా చెవులు రెండూ కలిసి ఏది నేను వాయించింది, ఏది దాని ప్రతిధ్వని అనేది వాటంతటవే తేల్చేసేవి. ఇప్పుడు రెండూ ఒకే చోటి నుంచి, ఒకే గుంపులో వస్తున్నాయి. నేను ప్రతిధ్వని వెంట వాయించడం మొదలుపెట్టాను. తబలా ఒక దారిన, నేను ఒక దారిన. మాస్టారు చెయ్యెత్తి పాట ఆపారు. రెండోసారీ అంతే. మూడోసారి మా గాయని మైకు దించింది.

ఆమె సత్తెనపల్లిలో హైస్కూలు తెలుగు టీచరు. నేను ఆర్కెస్ట్రాలో చేరే నాటికే అక్కడ పాడుతోంది. నేను అక్కా అంటాను. దగ్గరికొచ్చి నా ఎడమ పక్కన నిలబడి చెప్పింది.

"తమ్ముడూ, నువ్వు తాళం తప్పే మనిషివి కాదు. ఆ మారుమోగేదాన్ని తీసేసి వాయించు, చూద్దాం."

తీసేసి వాయించాను. తాళం కుదిరింది. కానీ పాట బక్కచిక్కిపోయింది. మాస్టారు పెదవి విరవడం నాకు కనిపించింది. ఆయన తప్పేం లేదు. డబ్బు కట్టి పిలిచినవాళ్ళు పాట సినిమాలో విన్నట్టే ఉండాలంటారు.

ఆ ఆదివారం నా భార్య, "డబ్బాలన్నీ ముందుగదిలో పెట్టండి," అంది. ఆమెకు సంగీతం మీద పెద్ద ఆసక్తి లేదు. ప్రోగ్రాంలకు రమ్మంటే పిల్లల పేపర్లు దిద్దాలనేది. పెడల్స్‌కు ఆమె పెట్టిన పేరు డబ్బాలు. కుర్చీ తెచ్చుకుని స్పీకరుకు ఎదురుగా కూర్చుంది.

"ఒక్కొక్కటే వేసి వాయించండి. ఏం మారిందో నేను చెప్తాను."

"నీకేం తెలుసే వీటి సంగతి?"

"నాకు చెవులు రెండున్నాయిగా."

ఆ మాటకు ఆమే నాలుక కరుచుకుంది. నేను నవ్వేసరికి ఆమె కూడా నవ్వింది. చెవి పోయాక మా ఇంట్లో నవ్వడం అదే మొదలు.

నేను మొదటి డబ్బా నొక్కాను. "కాగిన నూనెలో బజ్జీ వేసినట్టుంది," అంది. ఇంకోటి నొక్కాను. "పెళ్ళిపందిట్లో గుడ్డలు ఊగుతున్నట్టు." మరోటి. "ఖాళీ క్లాసురూములో మాట్లాడినట్టు." డిలే నొక్కితే మొహం చిట్లించింది. "ఎవరో వెనక నిలబడి మిమ్మల్ని వెక్కిరిస్తున్నారు." ఒకదాని దగ్గర చాలాసేపు తల వంచి విని, "ఇది వేశారా?" అని అడిగింది. వేశానని చెప్పాను. "తీసేయండి." తీసేశాను. "మళ్ళీ వేయండి." వేశాను. "నాకేం తేడా తెలియట్లేదు. మీకు తెలిసేదా?"

తెలిసేదనే అనబోయాను. నిజానికి దాన్ని కొన్న వారం బాగా తెలిసింది. తర్వాత దాన్ని వేసే ఉంచేవాణ్ణి. ఉందన్న ధైర్యమే తప్ప అది చేసే పనిని ఏనాడూ వినలేదు.

అలా ఆ ఒక్క ఆదివారంతో అయిపోలేదు. చాలా ఆదివారాలు కూర్చున్నాం. ఆమె ఒక్కో డబ్బాకూ ఒకే ప్రశ్న వేసేది, "ఇది ఏ పాటకు?" నేను చెప్పేవాణ్ణి. "ఆ పాట ఇప్పుడు అడుగుతున్నారా?" కొన్నింటిని అడుగుతున్నారు. కొన్నింటిని ఏళ్ళ తరబడి ఎవరూ అడగలేదు. ఆ పాటలు పోయినా వాటి డబ్బాలు చెక్క మీద మిగిలిపోయాయి. నేను వాటిని సంగీతం అనుకుని మోస్తున్నాను. వాటిని తీసి బీరువాలో పెట్టాను. చెక్క సగం ఖాళీ అయింది.

అయినా ఒక్క డబ్బా కూడా అక్కర్లేదని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. చేతిలో సత్తా ఉంటే చాలంటారు. మాస్టారుతో నాకు ఈ విషయం మీద పెద్ద వాదనే అయింది, అదీ తలకిందులుగా. డిలే పోయిన కోపంలో నేనే అన్నాను.

"అన్నీ తీసేస్తాను మాస్టారూ. ఉత్త గిటార్ వాయిస్తాను. అసలైన వాయిద్యం అదే."

"ఎవరికయ్యా అసలైంది? పొద్దంతా పత్తి తీసొచ్చి స్టేజి ముందు కూర్చున్నోళ్ళకా? వాళ్ళు ఎదురుచూసేది ఆ బిట్టు కోసం. అది అలా మండితేనే వాళ్ళకి అది ఆ పాట. నీ చెవి పోయిందని వాళ్ళ పాట ఎందుకు పోగొడతావ్?"

కోపం వచ్చింది. ఇంటికొచ్చి భార్యకు చెప్పాను, నా పక్షం మాట్లాడుతుందని. ఆమె, "ఆయన చెప్పింది నిజమే కదండీ," అంది. అన్నం తింటుంటే నాకూ నిజమే అనిపించింది. డబ్బాలు చాలావరకు నాకోసం కొన్నాను, నిజమే. మొదటిది మాత్రం వినేవాళ్ళ కోసం. ఆ మంట పుట్టించే డబ్బాను చెక్క మీద ఉంచాను. ట్యూనర్‌ను ఉంచాను, అది లేకపోతే నాకు ఇక శ్రుతి లేదు. పాదంతో మెల్లగా వంచితే శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ ఒకటి ఉంచాను. ఎందుకంటే నేను ఎంత గట్టిగా వినిపిస్తున్నానో నాకు తెలియడం లేదు. నా భార్య ప్రేక్షకుల్లో కూర్చుని చెయ్యి కిందికి ఊపితే తగ్గించేవాణ్ణి, పైకి ఊపితే పెంచేవాణ్ణి. ఆమె ప్రోగ్రాంలకు రావడం అలా మొదలైంది. పేపర్లు పొద్దున దిద్దుకునేది.

ఆ ఏడాది అక్క ఉద్యోగ విరమణ. సత్తెనపల్లిలో ఒక ఫంక్షన్ హాలులో సాయంత్రం సభ పెట్టారు. పాత విద్యార్థులు, తోటి టీచర్లు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వచ్చారు. మా ఆర్కెస్ట్రా మొత్తం వెళ్ళింది. సన్మానాలు అయ్యాక అక్క మైకు దగ్గరికొచ్చి నన్ను పిలిచింది.

"ఒక పాట నేనూ మా తమ్ముడూ పాడతాం. ఇంకెవరూ వద్దు."

నాతో ముందు చెప్పలేదు. చెబితే నేను ఒప్పుకోనని తెలుసు. మాస్టారు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి ఒడిలో పెట్టుకున్నారు. ఆయన మొహం చూస్తే ఇది ఆయనకు ముందే తెలుసని అర్థమైంది.

అది ఒక పాత పాట. మెల్లగా నడుస్తుంది. దాన్ని నేను ఎప్పుడూ డిలే, ఖాళీ గదిలా మోగించే రివర్బ్ అన్నీ వేసి, స్వరాలకు స్వరాలు అతికించి వాయించేవాణ్ణి. కింద ఉన్న చెక్క వైపు చూసుకున్నాను. ట్యూనర్ పచ్చగా వెలుగుతోంది. అక్క శ్రుతి తీసుకుని పల్లవి ఎత్తుకుంది.

మొదటి చరణం వరకు నేను నా భార్య చెయ్యి చూస్తూ వాయించాను. ఎడమ వైపు రెండో వరుసలో కూర్చుంది. చెయ్యి కొంచెం కిందికి, కొంచెం పైకి, సరిపోయిందన్నట్టు బొటనవేలు. స్వరానికి స్వరానికి మధ్య ఖాళీలు నన్ను భయపెట్టాయి. అక్కడ ఇదివరకు ప్రతిధ్వని ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. ఆ ఖాళీలో అక్క ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నేళ్ళు ఆమె పక్కన వాయించాను గాని ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు తెలియదు. తెలిశాక అక్కడ వాయించడం మానేశాను. ఆమె ఊపిరి తీసుకున్నాక మీటాను. ఆమె తల తిప్పి నావైపు చూసి, ఇంకాస్త నిదానంగా పాడింది.

రెండో చరణంలో నా భార్య వైపు చూస్తే చెయ్యి కదలడం లేదు. శబ్దం ఎక్కువైందో తక్కువైందో తెలియక మళ్ళీ చూశాను. ఆమె చేతులు రెండూ ఒడిలో ఉన్నాయి. కళ్ళు అక్క మీద ఉన్నాయి. నాకు సైగ చేయాలన్న సంగతే మరిచిపోయింది. మిగతా పాట అంతా నా పాదం కదల్చకుండా, అక్క గొంతునే పట్టుకుని వాయించాను.

పాట అయ్యాక చప్పట్లు వచ్చాయి. ఒక పెద్దాయన లేచి, "ఓయ్, ఇంకోటి పాడండమ్మా!" అని అరిచాడు. మాస్టారు వచ్చి నా ఎడమ భుజం మీద చెయ్యి వేశారు.

"ఇది ఈ పాటకు సరిపోయింది. అన్నిటికీ ఇదే అనుకోమాక."

"అనుకోను మాస్టారూ."

"తర్వాత పాటకు ఆ మండేది కావాలి. వైరు పెట్టావా?"

పెట్టాను. ఆ పాటకు అక్క విద్యార్థులు కుర్చీలు పక్కకు జరిపి గంతులేశారు. వాళ్ళలో ముప్పై దాటినవాళ్ళు, బట్టతలవాళ్ళు కూడా ఉన్నారు.

అద్దె కారులో తిరిగొస్తుంటే నా భార్య నా ఎడమ పక్కన కూర్చుని, "సారీ అండీ, చెయ్యి ఊపడం మరిచిపోయాను," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కుడి చెవి ఇంక ఇంతేనని డాక్టరుగారు చెప్పేశారు. ఉన్న చెవిని కాపాడుకోమన్నారు. స్టేజి మీద ఎడమ చెవిలో చిన్న మెత్తని బిరడా పెట్టుకుంటున్నాను. కుడి పక్క సన్నని శబ్దాలు లేని లోకానికి అలవాటు పడుతున్నాను. ఆ పక్క కొమ్మల మీద కొన్ని పిట్టలు నోరు తెరిచి మూయడం మాత్రమే కనిపిస్తుంది. స్వరం రెండుగా వినిపించడం చాలావరకు తగ్గింది, అలసిపోయిన రోజు మళ్ళీ వస్తుంది. బీరువాలోని డబ్బాలను ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కొత్తగా పెట్టుకున్న ఒక బ్యాండుకు ఇచ్చేశాను. వాళ్ళ గిటారిస్టు ఒక అమ్మాయి. అన్నీ ఒకేసారి వేసి వాయించింది. భయంకరంగా ఉంది. ఆమె మొహం మాత్రం ఆనందంతో వెలిగిపోయింది.

ఈ మధ్య ఆఫీసులో భోజనాల వేళ ఫోన్లో ఒక కొత్త పెడల్ చూశాను. ట్రెమోలో అంటారు. అది స్వరాన్ని మార్చదు, మారుమోగించదు. శబ్దాన్ని మాత్రం ఒక లయలో పెంచి తగ్గిస్తూ ఉంటుంది, గాలికి దీపం ఊగినట్టు. ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది. రెండు రోజులు ఆగి చెప్పాను. నా భార్య కోప్పడలేదు.

"మీకు వినపడుతుందా అది?"

"తెలియదు."

"అయితే పోయి విందాం."

శనివారం మధ్యాహ్నం ఇద్దరం బస్సులో విజయవాడ వెళ్ళాం. కొట్టులో నేను స్టూలు మీద కూర్చుని వైరు కలిపాను. ఆమె స్పీకరుకు ఎదురుగా నిలబడింది. నొక్కి ఒకే ఒక్క తీగ మీటాను. శబ్దం పెరిగింది, తగ్గింది, పెరిగింది. కుడి చెవి చేత్తో మూసుకుని విన్నాను. తర్వాత ఎడమ చెవి మూసుకున్నాను. మసకగానే, సన్నదనం ఏమీ లేకుండానే, ఆ ఊపు కుడి చెవిలోకి కూడా వచ్చింది. మళ్ళీ మీటాను. మళ్ళీ వచ్చింది.

ఆమె దగ్గరికొచ్చి, "వినపడిందా?" అని అడిగింది. ఆమె నిలబడింది నా కుడి పక్కన, నేను ఎడమ చెవి ఇంకా మూసుకునే ఉన్నాను. మాట సరిగా తెలియలేదు గాని, ఏమడిగిందో తెలిసింది. తలూపాను. ఆమె కౌంటరు దగ్గరికి వెళ్ళి, ప్యాక్ చేయమని చెప్పింది.